టైలర్ ఆంటీ కళ్ళ కోసం

అప్పటికి చేతులెత్తినవాళ్ళు తొమ్మిదిమంది. మైకు చెయ్యి మాత్రం ఇంకా ఒళ్ళోనే ఉంది.

చర్చి వెనక గదిలో సండే స్కూల్ జరుగుతోంది. పొరుగువాళ్ళని ప్రేమించడం గురించి పాఠం అప్పుడే అయిపోయింది. ఇక ప్రార్థన విన్నపాలు. ఎవరి కోసం ప్రార్థన చెయ్యాలో పిల్లలు ఒక్కొక్కరే లేచి చెబుతారు. టీచర్ వాటిని బోర్డు మీద రాస్తుంది. ఆ తర్వాత అందరూ కళ్ళు మూసుకుని, బోర్డు మీద ఉన్న ప్రతి పేరు కోసం ప్రార్థన చేస్తారు.

"మా తాతయ్యకి మోకాళ్ళ నొప్పులు, టీచర్."

"మా కుక్కపిల్ల తప్పిపోయింది, టీచర్."

"రేపు నాకు లెక్కల పరీక్ష, టీచర్."

"దానికి ప్రార్థనతో పాటు పుస్తకం కూడా తెరవాలి నాయనా," అంది టీచర్. అయినా రాసింది.

మైకుకి ఏం చెప్పాలో తోచలేదు. మైకు అంటే ఆ పిల్ల అసలు పేరు కాదు. ఒకసారి చర్చిలో కరెంటు పోయి మైకు ఆగిపోతే, ఈ పిల్ల పాట చివరి బెంచీ దాకా ఖంగున వినిపించింది. "ఇక మనకి మైకు కొనే పని లేదు," అన్నాడు వాళ్ళ నాన్న. ఆ పేరు అలా అతుక్కుపోయింది. ప్రార్థన చెయ్యడంలో కూడా మైకుదే పైచెయ్యి. మిగతా పిల్లలు రెండు ముక్కల్లో ఆమేన్ అనేస్తే, మైకు ప్రార్థన పెద్దవాళ్ళ ప్రార్థనలా సాగేది.

కానీ విన్నపం ఉండాలి కదా! ఇంట్లో అమ్మా నాన్నా గుండ్రాయిల్లా ఉన్నారు. అమ్మమ్మకి జలుబు కూడా లేదు. అందరూ అంత ఆరోగ్యంగా ఉండటం ఆ పూట మైకుకి కాస్త చిన్నతనంగానే అనిపించింది.

ఇంతలో పెన్సిల్ లేచింది. పొడుగ్గా, సన్నగా ఉంటుందని ఆ పిల్లని అందరూ అలా పిలుస్తారు. "మా బాబాయికి పొట్టలో గడ్డ ఉందట, టీచర్. కోసి తీస్తారట."

"అయ్యో!" అంది గది మొత్తం.

ఆ అయ్యో మైకుకి తగలాల్సిన చోటే తగిలింది. తనేం అంటున్నదీ పూర్తిగా తెలిసేలోపే లేచి నిలబడింది.

"టీచర్, మా పక్కింటి టైలర్ ఆంటీకి కళ్ళు పోతున్నాయి."

అందరూ మైకు వైపు తిరిగారు. పెన్సిల్ కూడా వెనక్కి తిరిగి నోరు తెరిచి చూసింది.

"ఎవరూ, మన కొయ్యర్‌లో పాడేవాళ్ళకి బట్టలు కుట్టే ఆవిడేనా?" అంది టీచర్.

"ఆవిడే టీచర్. ఒక కన్ను దాదాపు పోయింది. రెండోది కూడా మసకేనట. చొక్కా కుడితే కాలర్ వంకర పోతోందట."

ఈసారి అయ్యో పెన్సిల్ బాబాయికి వచ్చినదానికంటే పెద్దగా వచ్చింది. టీచర్ బోర్డు మీద "టైలర్ ఆంటీ కళ్ళు" అని రాసి, కింద గీత గీసింది. మిగతా వేటికీ గీత లేదు.

"నువ్వే ప్రార్థన చేయించమ్మా," అంది.

మైకు కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఆంటీ కళ్ళని నీ చేతులతో ముట్టు తండ్రీ. ఆమె కష్టం నీకు తెలుసు తండ్రీ..." మాటలు వాటంతటవే వచ్చాయి. మధ్యలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. మైకుకి ఆ చప్పుడు కూడా వినిపించింది. గొంతు ఇంకొంచెం పెంచింది.

ఆమేన్ అన్నాక టీచర్ వచ్చి తల నిమిరింది. "ఇంత చిన్న వయసులో ఇతరుల గురించి ఎంత భారం తల్లీ నీకు!"

ఇంటికి వెళ్ళేటప్పుడు మైకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆంటీ కళ్ళ సంగతి మైకుకి తెలిసింది అంతకుముందు గురువారం నాడు. టైలర్ ఆంటీది, మైకు వాళ్ళది ఒకే వరండా. రెండిళ్ళకీ మధ్య ఒక్కటే గోడ. ఆంటీ ఒంటరిగా ఉంటుంది. స్కూలు చొక్కాలూ, గౌన్లూ, చర్చి కొయ్యర్ వాళ్ళ తెల్ల బట్టలూ కుట్టుకుని బతుకుతుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ గోడలోంచి మిషన్ చప్పుడు వస్తూనే ఉంటుంది.

మైకు వాళ్ళ అమ్మ ప్రెస్‌లో బైండింగ్ పని చేస్తుంది. పని ఎక్కువైనప్పుడు కాగితాలు ఇంటికి తెచ్చుకుని మడతలు పెడుతుంది. గురువారం అమ్మ అలా మడతలు పెడుతుంటే ఆంటీ ఒక చొక్కా పట్టుకుని వచ్చింది. లోపలి గదిలో మైకు భూగోళం పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. చెవులు మాత్రం బయటే ఉన్నాయి.

"చూడు చెల్లీ ఈ కాలరు. ఇన్నేళ్ళలో నా చేత్తో ఇట్లాంటి కుట్టు పడిందా?" అంది ఆంటీ.

"డాక్టరేమన్నాడక్కా?"

"పోయిన చూపు ఇక రాదన్నాడు. ఆపరేషన్ చేస్తే రెండో కంట్లో ఉన్నదాన్ని కాపాడొచ్చేమో చూద్దామన్నాడు. తారీకు చెప్తామన్నారు." ఆంటీ చొక్కా మడిచింది. "ఎవరికీ చెప్పకు చెల్లీ. కళ్ళు కనపడని టైలర్‌కి బట్ట ఎవరిస్తారు? విప్పి మళ్ళీ కుట్టయినా సరిగ్గానే ఇస్తున్నాను. ఆపరేషన్ దాకా లాక్కొస్తే చాలు."

"నా నోట్లోంచి రాదక్కా," అంది అమ్మ.

ఆ సాయంత్రం మైకు నిజంగానే ఆంటీ కోసం ప్రార్థన చేసింది. ఏడుపు కూడా వచ్చింది. ఆ మాట దాచకూడదు. మైకు చెడ్డపిల్ల కాదు. ఎవరికీ చెప్పకు అన్నది కూడా ఆ పిల్లకి బాగానే గుర్తుంది. సండే స్కూల్లో లేచి నిలబడిన ఆ ఒక్క క్షణంలో మాత్రం, ప్రార్థన కోసం చెబితే అది చెప్పడం కిందికి రాదులే అనుకుంది.

ఆ ఆదివారం సాయంత్రమే నాన్న బస్సు డ్యూటీ దిగి ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పి, ఫోన్ తీశాడు.

"ఇదేంటి, మన పక్కింటావిడకి రెండు కళ్ళూ పూర్తిగా పోయాయట! నాకు ఒక్కమాట చెప్పలేదేం?"

అమ్మ చేతిలో కాగితం మడత మధ్యలో ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?"

"చర్చి ప్రార్థన గ్రూపులో వచ్చింది. అత్యవసరంగా అందరూ ప్రార్థించండి అని పెట్టారు. కింద నలభైమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు."

పొద్దున ఒక కన్ను. సాయంత్రానికి రెండూ పోయాయి. మాటకి కాళ్ళొస్తే అంతే మరి.

అమ్మ మెల్లగా మైకు వైపు తిరిగింది. అడగకుండానే మైకు చెప్పేసింది. "నేను ప్రార్థన కోసమే చెప్పానమ్మా. టీచర్ బోర్డు మీద రాశారు. రెండు కళ్ళూ పోయాయని నేననలేదు."

అమ్మ తిడుతుందనుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. అమ్మ కాగితాల ముందు అలాగే కూర్చుండిపోయింది.

"ఆమె నాకొక్కదానికే చెప్పుకుంది," అంది. "మీ నాన్నకి కూడా చెప్పలేదు నేను."

నాన్న లేచి వరండాలోకి వెళ్ళి పాస్టర్ గారికి ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో గ్రూపులోంచి ఆ మెసేజ్ తీసేశారు. "ఫోన్‌లోంచి తీసేశారు," అన్నాడు నాన్న లోపలికొస్తూ. "చదివినవాళ్ళ బుర్రల్లోంచి ఎవరు తీస్తారు?" ఎప్పుడూ జోకులేసే నాన్న ఆ మాట నవ్వకుండా అన్నాడు.

సోమవారం మైకు బడి నుంచి వచ్చి మెట్లెక్కుతోంది. ఆంటీ గుమ్మం దగ్గర కొయ్యర్ నడిపించే అక్క నిలబడి ఉంది. మైకు మెట్ల మలుపులోనే ఆగిపోయింది.

"మీకిప్పుడు విశ్రాంతి కావాలి ఆంటీ," అంటోంది అక్క. "మేమంతా మిమ్మల్ని ప్రార్థనలో పెట్టుకున్నాం. కొయ్యర్ బట్టల సంగతి మీరు పట్టించుకోకండి. వేరేచోట ఇచ్చుకుంటాం."

"నాకు కష్టంగా ఉందని నేననలేదు కదమ్మా."

"అయ్యో, మీరెందుకంటారు! మీ మంచితనం మాకు తెలీదా?"

"సగం బట్ట కత్తిరించేశాను. గుర్తులు కూడా పెట్టేశాను."

"పర్లేదాంటీ, ఎలా ఉంటే అలాగే ఇచ్చేయండి."

ఆంటీ లోపలికెళ్ళి మూట తెచ్చింది. మూటలోంచి కత్తిరించిన తెల్లటి అంగీ చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది. ఆంటీ దాన్ని తడిమి, మడిచి, లోపలికి దోపి ఇచ్చింది. తలుపు వేసుకుంది.

అక్క మెట్లు దిగుతూ మైకుని చూసి ఆగింది. బుగ్గ పుణికి, "నువ్వేగా సండే స్కూల్లో చెప్పింది! దేవుడు నిన్ను దీవించాలి," అంది ప్రేమగా. నిజంగా ప్రేమగానే అంది. మైకుకి ఆ బుగ్గ మీద చెంపదెబ్బ కొట్టినట్టయింది.

మంగళవారం ఇద్దరొచ్చారు. బుధవారం ఒకావిడ వచ్చింది. అందరూ మర్యాదగానే వచ్చారు. పళ్ళు తెచ్చారు, ఆరోగ్యం జాగ్రత్త అన్నారు, ప్రార్థిస్తున్నామన్నారు. వెళ్ళేటప్పుడు తమ బట్టల మూటలు చంకలో పెట్టుకుని వెళ్ళారు. ఆంటీ మీద ఎవరికీ కోపం లేదు. తమ గుడ్డ పాడవుతుందని భయం, అంతే.

బుధవారం మధ్యాహ్నానికి గోడ అవతల చప్పుడు ఆగిపోయింది. మైకు గోడకి చెవి ఆనించి చూసింది. ఒకసారి కుర్చీ జరిగింది. మళ్ళీ ఏమీ లేదు.

ఆ సాయంత్రం ఆంటీ వచ్చింది. మామూలుగా వచ్చినట్టు చెల్లీ అని పిలుస్తూ రాలేదు. గుమ్మం దాటి లోపలికి కూడా రాలేదు.

"నీకొక్కదానికే చెప్పాను కదా," అంది అమ్మతో. "నీకొక్కదానికే."

మైకు తలుపు వెనక ఉంది. ఇప్పుడు అమ్మ చెప్పేస్తుంది. మా అమ్మాయి చేసిన పని అక్కా, అంటుంది. ఆంటీ ఇటు తిరుగుతుంది.

"తప్పు మా ఇంటిదే అక్కా," అంది అమ్మ. "క్షమించు."

"క్షమించి ఏం చేసుకోను? మూడిళ్ళ బట్టలు పోయాయి. కొయ్యర్ బట్టలు పోయాయి. నిన్ను సొంత చెల్లెలనుకున్నాను. వీధిలో ఎవరో అని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు."

అమ్మ తల వంచుకుని నిలబడింది. ఆంటీ గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

"నా పేరు ఎందుకు చెప్పలేదు?" అంది మైకు.

అమ్మ కళ్ళు తుడుచుకుంది. "నువ్వంటే ఆమెకి ప్రాణం. చిన్నప్పుడు నీ గౌన్లన్నీ ఆమె కుట్టినవే. నువ్వని తెలిస్తే ఇంకా కుమిలిపోతుంది. నా మీద కోపమైతే కొన్నాళ్ళకి తగ్గుతుందిలే."

"తగ్గకపోతే?"

అమ్మ కాగితాలు దగ్గరికి లాక్కుని మడతలు పెట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు మడతలు సరిగ్గా రాలేదు. విప్పి మళ్ళీ పెట్టింది.

గురువారం బడిలో మైకు ఏ పాఠమూ వినలేదు. ఇంటికొచ్చి, పుస్తకాల సంచి కూడా దించకుండా ఆంటీ తలుపు తట్టింది.

ఆంటీ మిషన్ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. గదిలో ఎప్పుడూ పేరుకుని ఉండే బట్టల గుట్టలు లేక గోడలు బోసిగా కనిపించాయి.

"ఎవరూ?" ఆంటీ తల ఒక పక్కకి వంచి చూసింది. కనిపించే కన్ను అటువైపు.

"నేనే ఆంటీ." గది గదంతా వినిపించే గొంతు ఆ రోజు పీలగా వచ్చింది. "అమ్మ చెప్పలేదు. నేనే చెప్పాను."

"ఏం చెప్పావు?"

"మీ కళ్ళ సంగతి. సండే స్కూల్లో. పోయిన గురువారం మీరు మాట్లాడుకుంటుంటే విన్నాను."

"ఎవరికీ చెప్పొద్దన్నాను. అది వినలేదా?"

"విన్నాను."

"విని కూడా చెప్పావా?"

"ప్రార్థన చెయ్యడానికి చెప్పాను ఆంటీ."

"దేవుడికి చెప్తే సరిపోయేది కదా. ఆయనకేమైనా చెవుడా?"

మైకు చెప్పాల్సిన మాట ఇంకోటి ఉంది. అది చెప్పాలంటే చాలా సిగ్గేసింది. చెప్పకపోతే సగమే చెప్పినట్టని కూడా అనిపించింది.

"పెన్సిల్ వాళ్ళ బాబాయి గురించి చెప్తే అందరూ అయ్యో అన్నారు. నాకు కూడా అలా అనిపించుకోవాలనిపించింది. మీ గురించి చెప్తే ఇంకా పెద్దగా అన్నారు. నాకు బాగుంది ఆంటీ." ఇక ఏడుపు ఆగలేదు. "అప్పుడు బాగుంది."

ఆంటీ లేచి ఓదార్చలేదు. తల నిమరలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

"నా కళ్ళు నావి," అంది చివరికి. "వాటి సంగతి ఎవరితో చెప్పుకోవాలో నేను చూసుకునేదాన్ని. నిన్న మీ అమ్మని ఎన్నేసి మాటలన్నాను! అదొక బాధ మళ్ళీ." ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. "ఇంటికెళ్ళు. నీ మీద అరిచే ఓపిక కూడా లేదు నాకు."

మైకు ఇంటికొచ్చింది. పడుకునే ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ప్రభువా, మా ఆంటీ కళ్ళని ముట్టు తండ్రీ," అని మొదలుపెట్టింది. తన గొంతు తనకే వినిపించింది. ఆదివారం ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు గుర్తొచ్చింది. అక్కడే ఆపేసి, దుప్పటి ముసుగేసుకుంది.

మర్నాడు కుళాయి దగ్గర అమ్మ, ఆంటీ ఎదురుపడ్డారు. "పిల్ల వచ్చి చెప్పింది," అంది ఆంటీ. అమ్మ ఊ అంది. బిందె నిండేదాకా ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. ఆంటీ బిందెని ఆమె గుమ్మం దాకా అమ్మే మోసింది.

ఆ వారంలో మళ్ళీ గోడ అవతల మిషన్ చప్పుడు రాలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. టీచర్ పోయినవారం పేర్లన్నీ బోర్డు మీద మళ్ళీ రాసి, ఒక్కొక్కటే అడిగింది. తాతయ్య మోకాళ్ళు అలాగే ఉన్నాయి. కుక్కపిల్ల దానంతటదే తిరిగొచ్చింది. లెక్కల పరీక్షలో వచ్చిన మార్కుల గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

"టైలర్ ఆంటీకి ఎలా ఉందమ్మా?"

గదిలో తలలన్నీ మైకు వైపు తిరిగాయి.

"రెండు కళ్ళూ పోయాయట కదా! మా అమ్మ చెప్పింది," అంది పెన్సిల్.

కాదు, ఒక్కటే! ఆ మాట మైకు నాలుక చివరిదాకా వచ్చేసింది. ఇది తప్పు సంగతి కదా, సరిదిద్దితే ఏం? అందరూ చెవులు రిక్కించి చూస్తున్నారు కూడా. మైకు పెదాలు బిగించింది. ఆ మాటని మందుబిళ్ళ మింగినట్టు మింగేసింది.

"అది నేను చెప్పకూడదు టీచర్. పోయినవారం కూడా చెప్పకుండా ఉండాల్సింది. ఆంటీ ఎవరికీ చెప్పొద్దన్నారు. నేనే చెప్పేశాను. ఆ పేరు తుడిచెయ్యండి టీచర్."

టీచర్ సుద్దముక్క పక్కన పెట్టి, డస్టర్ తీసుకుని ఆ పేరు తుడిచింది. గీత కూడా తుడిచింది.

"గ్రూపులో మొదట పెట్టింది నేనే," అంది నెమ్మదిగా. అది పిల్లలతో అన్నట్టు లేదు. "ఆవిడని ఒక్కమాట అడగాల్సింది నేను."

ఇంటికి వచ్చేటప్పుడు మైకు ఒంటరిగానే నడిచింది. వరండాలోకి వచ్చేసరికి ఆంటీ గదిలో ఏదో డబ్బా దబ్బున పడిన చప్పుడైంది. తలుపు ఓరగా తెరిచి ఉంది.

ఆంటీ నేల మీద కూర్చుని అరచేత్తో గచ్చు తడుముతోంది. గుండుసూదుల డబ్బా బోర్లాపడి ఉంది. సన్నటి సూదులు గది నిండా చెల్లాచెదురుగా పడ్డాయి. ఆంటీ చెయ్యి ఒక సూది పక్కనుంచే వెళ్ళిపోయింది. ఇంకోదాని మీద పడింది. స్స్ అని చెయ్యి వెనక్కి లాక్కుంది. వేలి చివర చిన్న రక్తపు చుక్క.

మైకు గుమ్మం దగ్గరే నిలబడింది. వెళ్ళమంటుందేమోనని భయం.

"ఆంటీ, నేను ఏరనా?"

ఆంటీ వేలు నోట్లో పెట్టుకుని కూర్చుంది.

"చెప్పులు విప్పకు," అంది చివరికి. "కాళ్ళకి గుచ్చుకుంటాయి."

మైకు మోకాళ్ళ మీద కూర్చుని సూదులు ఏరడం మొదలుపెట్టింది. ఒకటి తీసి డబ్బాలో వేసింది. ఇంకోటి తీసింది. గచ్చు రంగులో కలిసిపోయి తనకే సరిగ్గా కనిపించడం లేదు. ఒకటి అరచేతిలో గుచ్చుకుంది. కెవ్వుమనాల్సిన పిల్ల, చెయ్యి గౌనుకి తుడుచుకుని మళ్ళీ వంగింది.

"మైకూ!" గుమ్మంలో పెన్సిల్ తల కనిపించింది. చర్చి నుంచి వెనకే వచ్చినట్టుంది. "ఏం చేస్తున్నావ్? ఆంటీకి సూదులు కూడా కనపడట్లేదా?"

అది గుసగుస అనుకుంది పెన్సిల్. ఆ గుసగుస వరండా చివరిదాకా వినపడుతుంది. ఆంటీ వీపు బిగుసుకుపోయింది.

"సూదులు పడ్డాయి. ఏరుతున్నాను," అంది మైకు.

"అంటే, ఒక్కటైనా కనపడుతుందా లేక రెండూ..."

మైకు లేచింది. "నువ్వు ఇంటికెళ్ళు. రేపు బడిలో కలుద్దాం," అని మెల్లగా తలుపు మూసింది. గడియ పెట్టింది. తిరిగొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది.

డబ్బాలో సూదులు మళ్ళీ ఒక్కొక్కటే పడసాగాయి.

"మంగళవారం ఆపరేషన్," అంది ఆంటీ.

మైకు చెయ్యి ఆగింది.

"పొద్దున్నే వెళ్ళాలి. తోడు ఎవరినైనా తెచ్చుకోమన్నారు. మీ అమ్మని అడగాలి. నేనే అడుగుతాను. నువ్వు చెప్పకు."

"చెప్పను ఆంటీ."

"అయినా ఏమవుతుందో తెలీదు. డాక్టరు కూడా ఖాయంగా ఏమీ చెప్పలేదు." ఆంటీ చేతులు ఒళ్ళో వెతుక్కుంటున్నట్టు కదిలాయి. "ఆ మంచం కిందికి కూడా పడ్డాయేమో చూడు."

మైకు పొట్ట మీద పాకుతూ మంచం కిందికి దూరింది. అక్కడ చీకటిగా, ఇరుగ్గా ఉంది. దుమ్ము ముక్కులోకి పోయింది. నేల మీద చెయ్యి పెట్టి మెల్లగా తడిమింది, ఆంటీ తడిమినట్టే. వేలికి ఒక సూది తగిలింది. దాన్ని తీసి పిడికిట్లో పెట్టుకుంది.

ఉన్న చూపైనా ఉంచు తండ్రీ, అనుకుంది. పెద్ద మాటలేవీ రాలేదు. ఇంకో సూది తగిలింది. మళ్ళీ అదే అనుకుంది. పెదాలు కూడా కదల్లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారి గచ్చు మీద పడుతున్నా ముక్కు ఎగబీల్చలేదు.

"ఏంటమ్మా, ఉలుకూ పలుకూ లేదు? అయిపోయాయా?" అంది ఆంటీ పైనుంచి.

"లేదాంటీ," అంది మైకు. "ఇంకా ఉన్నాయి."